కొట్టి చూడని బండి

మా బిడ్డ ఆ మాట అన్నప్పుడు నేను మా బావ ఇంట్లో చాయ్ తాగుతున్నాను.

"మామా, బండి మంచిగనే ఉన్నది. కొనే ముందుగాల ఒక్కసారి మెకానిక్ భాయ్ షెడ్డుల చూపెట్టుకుంట. ఏమనుకోకు."

పాత బండి కొనేవాళ్లు ఎవరైనా అడిగే మాటే అది. కానీ ఆ పికప్ బండి అమ్ముతున్నది మా బావ. రక్తసంబంధం వల్ల బావ కాదు, బాయి వల్ల బావ. బొగ్గు గనిని మా దగ్గర బాయి అనే అంటారు. ఒకే బాయిలో, ఒకే షిఫ్టులో ఏళ్ల తరబడి పనిచేశాం. ఆయన సపోర్ట్‌మన్. బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టేవాడు. నేను సర్దార్‌ని, చోటు భద్రమో కాదో చూసేవాణ్ని. ఆయన దిమ్మెలు పెట్టాక, ఎడమ అరచెయ్యి కప్పుకు ఆనించి, కుడి చేత్తో కర్రతో కొట్టి చూసేవాణ్ని. ఖంగుమని మోగితే కప్పు గట్టిది. చప్పుడు డొల్లగా వచ్చి అరచేతికి వణుకు తెలిసిందంటే లోపల పొర విడిందని లెక్క. నేను "పో" అంటేనే మనిషి లోపలికి పోవాలి. ఇప్పుడు ఇద్దరం రిటైరై గోదావరిఖనిలోనే రెండు వీధుల దూరంలో ఉంటున్నాం.

మా బిడ్డ మాటకు బావ నవ్వాడు. నవ్వు మూతి దాకానే వచ్చింది. "చూపెట్టుకో బిడ్డా. చూపెట్టుకోవాలె గద" అన్నాడు. ఆయన భార్య, నేను చెల్లె అని పిలుస్తాను, ఖాళీ గ్లాసులు తీస్తూ వాటిని పళ్లెంలో కొంచెం గట్టిగానే పెట్టింది.

బయటికి రాగానే బిడ్డ మీద విరుచుకుపడ్డాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే ఎవరూ భయపడరు.

"ఇజ్జత్ తీసినవ్ గదనే! ఆయన మాట కన్న మెకానిక్ మాట ఎక్కువనా నీకు?"

"గట్ల కాదు బాపూ. నీళ్ల క్యాన్లు ఎక్కియ్యాల్సింది బండి మీద. మామ మాట మీద ఎక్కియ్యలేం గద."

మా బిడ్డ ఖనిలో నీళ్ల ప్లాంటు నడుపుతోంది. అప్పటిదాకా కిరాయి ట్రాలీలో కాలనీలకు క్యాన్లు పంపేది. ట్రాలీవాడు ఒకనాడు వస్తే ఒకనాడు రాడు. అందుకే సొంత పికప్ కావాలని పట్టుబట్టింది. డ్రైవింగ్ తనే చేస్తానంది, లైసెన్సు కూడా తెచ్చుకుంది. సెంటినరీ కాలనీ దాకా, అవసరమైతే గోదావరి బ్రిడ్జి దాటి శ్రీరాంపూర్ దాకా బొగ్గు టిప్పర్ల మధ్య నిండు బండి తోలుకుపోతుంది. అది తలుచుకుంటే నాకు భయంగా ఉండేది. అయినా బావను అనుమానించడమంటే అంతకన్నా కష్టంగా ఉండేది. కక్కలేక మింగలేక ఉన్నాను.

బావ అదే బండిలో రోజూ మనుమరాలిని బడికి దింపేవాడు. ఆ పిల్ల ముందు సీట్లో కూర్చోదు. వెనక తొట్టిలో నిలబడి కేబిన్ చువ్వలు పట్టుకుని దారిపొడుగునా అరుస్తూ పోతుంది. జాతరకు మా రెండు కుటుంబాలూ ఆ బండిలోనే పోయి వచ్చాం. నేను ముందు కూర్చుని బావ తోలే తీరుకు వంకలు పెట్టాను తప్ప బండికి ఎన్నడూ పెట్టలేదు.

షెడ్డుకు పోదామనుకున్న రోజు బావ ఫోన్ చేశాడు. "ఇయ్యాల వద్దు బావా, పని పడ్డది." మరునాడు కూడా ఏదో చెప్పాడు. నాకు మొదటిసారి మనసులో ముల్లు గుచ్చుకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఈయన ఎందుకు వాయిదా వేస్తున్నాడు? ఆ ఆలోచన వచ్చినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకున్నంత మాత్రాన అది పోలేదు.

చివరికి ఆయనే బండి కడిగి, అద్దాలు తుడిచి మా ఇంటి ముందుకు తెచ్చాడు. "పా బావా, చూపెట్టుకో" అన్నాడు. దారిలో ఆగకుండా మాట్లాడాడు. టైర్లు ఎప్పుడు మార్చిందీ, బ్యాటరీ ఎంత మంచిదీ, డీజిల్ ఎంత తక్కువ తాగేదీ అన్నీ చెప్పాడు. బాయిలో షిఫ్టు మొత్తం కలిపి పది మాటలు మాట్లాడని మనిషి. ఆయన మాట్లాడేకొద్దీ నాకు భయం పెరిగింది. మా బిడ్డ మా ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుని దారివైపే చూస్తోంది.

భాయ్ షెడ్డు బైపాస్ పక్కన ఉంది. భాయ్ తండ్రి కూడా అక్కడే బండ్లు బాగుచేసేవాడు. బండి చూడమంటే అందరిలాగా చుట్టూ తిరిగి తట్టి వదిలే రకం కాదు. ముందు ఇంజన్ చల్లారేదాకా ఆపించాడు. చల్లటి ఇంజన్‌నే స్టార్ట్ చేసి పొగ రంగు చూశాడు. ఆయిల్ మూత తీసి అక్కడ అరచెయ్యి అడ్డం పెట్టాడు. వేలికి అంటిన ఆయిల్‌ను రెండు వేళ్ల మధ్య రాసి చూసుకున్నాడు.

"ఇంజన్ జబర్దస్త్ ఉన్నదన్నా. ఫికర్ లేదు."

బావ నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

తరవాత బైపాస్ మీదికి తీసుకుపోయి తోలి వచ్చాడు. గేర్లు మంచివి, క్లచ్ మంచిది, బ్రేకు ఒక పక్కకు కొద్దిగా లాగుతోంది కానీ అది చిన్న పని అన్నాడు. ఒక్కొక్కటీ బాగుందన్న కొద్దీ బావ ముఖం విప్పారుతోంది, నాది ముడుచుకుపోతోంది. ఇంత మంచి బండికి ఈ పరీక్ష ఎందుకు పెట్టించామా అని సిగ్గేసింది. బిడ్డను పక్కకు పిలిచి, "ఇగ చాలు, పోదాం" అన్నాను.

"కింద చూడలె బాపూ ఇంకా."

కింది భాగం చూడటానికి షెడ్డు నేలలో తవ్విన గుంత మీదికి బండిని ఎక్కించారు. భాయ్ కిందికి దిగాడు. దీపం పట్టుకోవడానికి ఎవరైనా రావాలన్నాడు. నేను దిగాను. గుంతలో నూనె వాసన, మట్టి చల్లదనం, నెత్తి మీద జానెడు దూరంలో ఇనుము. చాలా రోజుల తరవాత మళ్లీ ఒక కప్పు కింద నిలబడ్డాను. నడుము దానంతట అదే వంగింది.

భాయ్ ముందు నుంచి వెనక్కి చూసుకుంటూ వచ్చాడు. వెనక చక్రాల మీద, కమాను కట్టలు బండి బరువంతా మోసే ఇనుప ఛాసీకి పట్టే చోట ఆగాడు. అక్కడ నల్ల పెయింట్ నిగనిగలాడుతోంది. మిగతా అంతా దుమ్ము, మట్టి. అక్కడ మాత్రం మందంగా పూసి ఉంది.

"అన్నా, గీ పెయింట్ ఎప్పుడు కొట్టిచ్చినవ్?" అని పైకి కేకేశాడు.

"నేను కొట్టియ్యలె భాయ్. కొన్ననాడే గట్ల ఉండె" అని బావ గొంతు వచ్చింది. "ఎందుకు?"

"ఇంతకుముందు ఈ బండి ఏం మోసింది?"

"చేపల బండి అది. ప్రాజెక్టు డ్యాముల చేపలు తోలేటోళ్లది."

భాయ్ నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "చేపల బండి అంటే ఐసు నీళ్లు కారుతనే ఉంటయి. ఛాసీని తింటది అది. స్క్రూడ్రైవర్‌తోని పొడిచి చూడాలె. కానీ బండి ఆయనది. బొక్క పడితే పంచాయితీ అయితది. నువ్వు అడుగు."

నేను అడగలేకపోయాను. "బావా, నీ బండిని పొడవనా?" అనే నాలుగు మాటలకు నోరు రాలేదు. కుళ్లి ఉంటే ఆయన తెలిసే నా బిడ్డకు అంటగట్టినట్టు. కుళ్లి లేకపోతే ఆయన మాటను నేను స్క్రూడ్రైవర్‌తో పొడిచినట్టు. ఎటు చూసినా మా సావాసం ఈ గుంతలోనే పూడిపోతుందనిపించింది. అడగకుండా పైకెక్కితే రేపు ఆ ఇనుము మీద క్యాన్ల బరువు, దాని ముందు స్టీరింగ్ పట్టుకుని నా బిడ్డ. గుంత అంచున బావ చెప్పులు, వాటి పక్కన మా బిడ్డ చెప్పులు కనబడుతున్నాయి.

అప్పుడు నా చెయ్యి నన్ను అడగకుండానే పని మొదలుపెట్టింది. దీపం భాయ్ చేతికిచ్చాను. గోడ మీద ఉన్న పానా తీసుకున్నాను. ఎడమ అరచెయ్యి ఛాసీకి ఆనించి, పానాతో మెల్లగా కొట్టాను.

ముందు భాగం ఖంగుమంది. ఇంకొంచెం వెనక కొట్టాను. ఖంగుమంది. నల్ల పెయింట్ మీద కొట్టాను. అరచేతి కింద ఏదో చిన్నగా వణికింది, చప్పుడు డొల్లగా వచ్చింది.

పైన బావ చెప్పులు కదిలాయి.

ఆ చప్పుడు మా బిడ్డకు తెలియదు, భాయ్‌కి కూడా అంతగా తెలియదు. కానీ గుంత మీద నిలబడ్డది సపోర్ట్‌మన్. ఆ చప్పుడు వినబడితే దిమ్మె వదిలేసి వెనక్కి ఉరికిన రోజులు మా ఇద్దరికీ ఉన్నాయి.

బావ మెట్లు దిగి వచ్చాడు. నా చేతిలో పానా తీసుకున్నాడు. తనే అరచెయ్యి ఆనించి కొట్టాడు. రెండోవైపు కూడా కొట్టాడు. అక్కడా అదే డొల్ల. ఆయన ముఖం వైపు చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

"పొడువు భాయ్" అన్నాడు.

భాయ్ స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కాడు. బలం కూడా పెట్టలేదు. అది పిడి దాకా దిగిపోయింది. పెయింట్, దాని కింద లప్పం, దాని కింద ఎర్రటి తుప్పు పొట్టు మా ముగ్గురి మీద రాలాయి.

"యా అల్లా" అన్నాడు భాయ్. "బరువు ఎక్కిచ్చి ఒక్క గుంతల పడ్డదంటే రెండు ముక్కలయితుండె."

ఇప్పుడు బావ అరుస్తాడు, లేదా సాకులు చెప్తాడు, లేదా మౌనంగా పైకెక్కి పోయి మళ్లీ మా గడప తొక్కడు అనుకున్నాను. నేనే ముందు నోరు తెరిచాను. "బావా, నీకు తెల్వదు గద. నేను నిన్ను..."

"ఆగు." ఆయన ఇంకా ఆ బొక్కనే చూస్తున్నాడు. "బిడ్డ చూపెట్టుకుంట అన్ననాడు నాకు మస్తు బాధ అయింది. రెండు రోజులు కావాలనే తిప్పిన. నా మాట మీద నీకు నమ్మకం లేదా అనుకున్న."

"ఉన్నది బావా. అందుకే నేను వద్దన్న."

ఆయన నా వైపు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"బాయి కింద నేను దిమ్మె పెట్టిన కప్పును నువ్వు ఎన్నడన్న కొట్టి చూడకుంట వదిలినవా? ఒక్కనాడన్న నాకు కోపమొచ్చిందా? నువ్వు కొట్టినవనే గద నేను పానంతోని ఇంటికొచ్చిన. పైకొచ్చినంక నీకేమైంది? ఇన్నేండ్లు నా పక్కపొంటి కూసోని తిరిగితివి. నా మనుమరాలు పొద్దుకు రెండుసార్లు దీని మీదనే నిలబడుతది బావా. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, కొట్టి చూడకపోతివి."

ఆయనను అవమానించకూడదనే నేను చూసుకున్నాను. ఆయనకు ఏమవుతుందో చూడలేదు. అడగడానికి అన్ని రోజులు సిగ్గుపడ్డ నాకు, అడగనందుకు పడాల్సిన సిగ్గు అప్పుడు తెలిసింది. పైనుంచి మా బిడ్డ వంగి, "మామా, పైకి రా. గడ్డకు రా ముందు" అని చెయ్యి చాపింది. ఆయన ఆ చెయ్యి పట్టుకుని ఎక్కాడు.

బండిని అక్కడే వదిలేశాం. పోయే ముందు బావ షెడ్డు మూల నుంచి రెండు కర్రలు ఏరుకొచ్చి, కేబిన్ తలుపుకు అడ్డంగా ఇంటూ గుర్తులా కట్టాడు. బాయిలో కప్పు బాగాలేని చోట అలాగే కడతాం, ఎవరూ పోకూడదని. భాయ్ "ఎవడు తీస్కపోతడన్నా దీన్ని" అని నవ్వబోయి ఆగాడు.

రోడ్డు మీద షేర్ ఆటో ఆపాం. మా బిడ్డ ఎక్కబోయింది. బావ ఆమె భుజం పట్టి ఆపాడు. వంగి, ఆటో కింది ఇనుప పట్టీకి ఎడమ అరచెయ్యి ఆనించి, పిడికిలితో రెండు దెబ్బలు కొట్టాడు. ఆటోవాడు వెనక్కి తిరిగి "ఏంది కాకా, ఏం చేస్తున్నవ్?" అన్నాడు. బావ లేవలేదు. రోడ్డు మీద అట్లాగే వంగి ఉండి నా వైపు చూశాడు. బాయిలో చూసినట్టే, నా నోటి నుంచి మాట వచ్చేదాకా కదలనన్నట్టు.

నేనూ వంగి, అరచెయ్యి ఆనించి, కొట్టి విన్నాను.

"పో" అన్నాను.

అప్పుడు ఎక్కాడు.