నిటారు నిద్ర

స్ట్రెస్ అనే మాట మా ఇంటి గడప దాటి లోపలికి రాని రోజులవి. మా వైపు మనుషులకు దిగులుండేది, చింత ఉండేది, రోషం ఉండేది, కడుపుమంట ఉండేది. వీటిలో ఏదైనా జబ్బు కావచ్చని ఎవరికీ తోచలేదు. బీపీ ఉద్యోగస్తులకు వస్తుందని, షుగరు తిండి ఎక్కువైనవాళ్లకు వస్తుందని నమ్మే వంశంలో పుట్టినవాణ్ణి నేను. (మా నాయనకు రెండూ ఉన్నాయని ఆయన పోయాక తెలిసింది. ఆయనకు ముందే తెలుసేమో. తెలిసినా చెప్పుకునే మనిషి కాడు.) పెనుకొండ దగ్గర మా ఊళ్లో ఒకప్పుడు కనుచూపు మేర మావే పొలాలు. నేను పుట్టేనాటికి కనుచూపు అలాగే ఉంది, పొలాలే లేవు.

మిగిలినవల్లా రెండు ఆచారాలు. పరాయి ఇంట్లో కూర్చున్నప్పుడు వీపు గోడకు ఆనించకూడదన్నది ఒకటి. ఎవరికైనా తాగడానికి ఏదైనా ఇస్తే అందులోంచి ముందు మనం తాగి చూపించాలన్నది రెండోది. మా ముత్తాత కాలంలో ఊళ్ల మధ్య కక్షలుండేవట. పాలలో ఏం కలిపారో అన్న అనుమానం అతిథికి రాకూడదని ఇంటాయన ముందు తాగేవాడట. పొలాలు పోయాయి, వాటితోపాటే శత్రువులూ పోయారు (మాతో కక్ష పెట్టుకుంటే ఎవరికీ గిట్టుబాటు కాని పరిస్థితి వచ్చింది), ఆచారం మాత్రం చెక్కుచెదరలేదు.

డిగ్రీ అయ్యాక ఉద్యోగం తప్పలేదు. హిందూపురంలో మా మామకు పట్టుగూళ్ల వ్యాపారం ఉండేది. మంచివాడు. "నా అంగట్లో కూచో అల్లుడూ, యాడికీ పోనక్కర్లేదు" అని ఎన్నోసార్లు అన్నాడు. కానీ ఎవరైనా వస్తే నన్ను చూపించి "మా అక్క కొడుకు, పెద్దింటోడు, పాపం" అనేవాడు. ఆ పాపం అనే మాట నాకు ములుకులా గుచ్చుకునేది. అందుకే మామ అంగడి మెట్టెక్కడానికి బదులు, అదే ఊళ్లో ఒక సైకిల్ షాపు మీద ఒకే ఒక్క గదిలో ఉన్న మూలికల కంపెనీ ఆఫీసు మెట్లెక్కాను. మూడు నెలలు చూసి, నచ్చితే పర్మనెంటు చేస్తారు. నచ్చకపోతే మామ, అంగడి, పాపం.

మా మేనేజరు మడకశిర వైపు మనిషి. చాటుగా అందరం ఆయన్ని తుప్పు సార్ అనేవాళ్లం. చేరిన రోజే నన్నెదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెప్పాడు. "చూడప్పా, ఇనుముకి గాలి తగిల్తే తుప్పు పడతాది గదా? మనిషికీ అంతే, లోపల్లోపల తుప్పు పడతా ఉంటాది. టెన్షన్ పడితే ఇంకా బిర్నా పడతాది. బీపీ, షుగరు, గుండెదడ అన్నీ ఆడ మొదులైతాయి. ఆ తుప్పుని ఆపేదే ఆంటీఆక్సిడెంటు. ఉసిరికాయలో ఉండాది, తిప్పతీగలో ఉండాది, అశ్వగంధలో ఉండాది. ఇవన్నీ కలిపిన పొడి మనది. నువ్వు పోయి ఈ మాట చెప్పు, దుడ్లు వాళ్లే తీసిస్తారు."

నిజం చెప్పొద్దూ, నాకు ఆ పాఠం భలే నచ్చింది. మనిషికి తుప్పు పడుతుందంటే ఎలా పడుతుంది? ఎవరు చూశారు? ఉసిరికాయ ముక్క కొరికితే ఆ పులుపు లోపలికి వెళ్లి ఏ తలుపు బందుకు నూనె రాస్తుంది? అశ్వగంధ అంటే గుర్రం వాసన అని సార్ చెబితే, డబ్బా మూత తీసి చాలాసేపు వాసన చూశాను. (మా ముత్తాతకు గుర్రాలుండేవట. మా వంశానికి తగిన మందే అనుకున్నాను.) ఆ సాయంత్రం ఇంటికెళ్లి మా అవ్వ అరచేతిలో చిటికెడు పోశాను. అవ్వ నాలుకకు రాసుకుని, "పెన్నేరు గడ్డ గదప్పా ఇది! దీనికి డబ్బా ఒకటా?" అంది. (అశ్వగంధకు మా ఊళ్లో పేరు అదే.) తుప్పు సంగతి వివరించాను. నవ్వుతుందనుకున్నాను. అరచేతిలో మిగిలిన పొడిని కొంగుకు తుడుచుకుంది. "మీ నాయనకి పట్టింది అదే అయ్యుంటాది. ఎవురితోనూ ఒక మాట చెప్పుకునేటోడు కాదు" అంది. ఆ తర్వాత ఆ పొడి అమ్మడం నాకు ఉద్యోగం మాత్రమే కాకుండా పోయింది. అది నిజంగా పని చేస్తుందో లేదో తెలుసుకోవాలనిపించింది.

మూడు నెలలూ ముగిసే వేళకు నా అమ్మకాలు అంతంతమాత్రం. తుప్పు సార్ చివరి అవకాశంగా ధర్మవరం పంపాడు. అక్కడొక పట్టుచీరల షావుకారు ఉన్నాడు, బీపీ ఉంది, నిద్ర లేదు. ఆయనకు నచ్చిందంటే చుట్టుపక్కల అంగళ్లన్నీ కొంటాయి. "ఆర్డరు తెస్తే పర్మనెంటు. తేకపోతే మీ మామ ఉండనే ఉండాడు గదా" అన్నాడు. ఆ మాటకు ఆ రాత్రంతా నాకు కన్ను అంటలేదు. స్ట్రెస్ మందు అమ్మేవాడికి స్ట్రెస్ రావడమేమిటని నా మీద నాకే కోపం వచ్చి, ఉన్న కాస్త కునుకూ పోయింది.

పొద్దున్నే పెనుకొండలో రైలెక్కి ధర్మవరంలో దిగి, మా పొడి కలిపి రుచి చూపించడానికి హోటల్లో ఫ్లాస్కు నిండా వేడి పాలు పోయించుకున్నాను. షావుకారు మధ్యాహ్నం గానీ తీరిక పడడట. అంతలో నలుగురిని చూద్దామని బయలుదేరాను. ఎక్కడికి పోయినా నా ఆచారం నాతోనే వచ్చింది. ఎంగిలి గ్లాసు ఇవ్వలేను కాబట్టి ప్రతిచోటా రెండు గ్లాసులు కలిపి, ముందు నాది నేను తాగడం, తర్వాత వాళ్లకివ్వడం. మందుల షాపులో తాగాను. దర్జీ దగ్గర తాగాను. మగ్గాలున్న ఒక ఇంట్లో తాగాను, వాళ్లు మర్యాదకు మళ్లీ పాలు కాచి పోస్తే మళ్లీ తాగాను. రిటైరైన ఒక మాస్టారు కళ్లద్దాల పైనుంచి చూసి, "ఏమప్పా, అమ్మను వచ్చినావా, తాగను వచ్చినావా?" అన్నాడు. మా వంశాచారం వివరించాను. ఆయన సాంతం విని, "అయితే మీ ముత్తాత బలే గట్టోడు" అని తన గ్లాసు పక్కన పెట్టేశాడు.

షావుకారు అంగడికి చేరేసరికి ఎండ నడినెత్తి దాటింది. లోపల తెల్లని పరుపులు, బొద్దు దిండ్లు, గోడ నిండా చీరలు. ఆయన భారీ మనిషి. రెండు చేతుల్లో రెండు ఫోన్లు, కళ్లు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. "రాప్పా, ఆ దిండుకి ఆనుకోని కూచో" అన్నాడు. పరవాలేదన్నాను. "ఏం, వీపుకి ఏమన్నా ఆపరేషన్ అయ్యిందా?" అన్నాడు. జవాబివ్వకుండా బాసింపట్టు వేసుకుని నిటారుగా కూర్చుని, రెండు గ్లాసులు కలిపి, నాది తాగాను. "ముందు చెప్పు, విని తాగుతా" అన్నాడాయన. "ఇనుముకు గాలి తగిలితే ఏమవుతుందండీ?" అని మొదలుపెట్టాను. నాకు గుర్తున్నది అంతవరకే.

ఆ తర్వాతి కథ షావుకారు భార్య చెబితే తెలిసింది. ఇనుముకు ఏమవుతుందో నేను చెబుతానని ఆయన చాలాసేపు ఎదురుచూశాడట. నా ముఖం ముందు చెయ్యి ఊపాడట. మోకాళ్ల మీద చేతులు, తిన్నని వెన్ను, ఇస్త్రీ చొక్కా, కొంచెం తెరిచిన నోరు. అంతలో తాడిమర్రి నుంచి పెళ్లివాళ్లు చీరలకని బిలబిలమంటూ వచ్చారు. షావుకారు నోటి మీద వేలేసి, "మెల్లగా తల్లీ, ఆయప్ప పడుకోనుండాడు" అన్నాడట. వాళ్లలో ముసలమ్మ ఒకామె, "పడుకునేదేంది, కూచోనుండాడు గదా? స్వామి ధ్యానంలో ఉండాడేమో" అని చెంపలేసుకుందట. ఇంక అందరూ గుసగుసల్లోనే చీరలు విప్పించారు, గుసగుసల్లోనే బేరమాడారు. గుసగుసగా బేరమాడితే పౌరుషం రాదు కాబట్టి తొందరగానే బేరం కుదిరిపోయింది. నాకు మెలకువ వస్తుందని షావుకారు రెండు ఫోన్లూ ఆపేశాడు. వాళ్లు వెళ్లాక అంగట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన ఒక్క నిమిషమని దిండు మీదికి ఒరిగాడు.

నేను కళ్లు తెరిచేసరికి దీపాలు వెలిగాయి. పక్కన షావుకారు గురక. లోపలి తలుపు దగ్గర ఆయన భార్య నిలబడి చేత్తో సైగ చేసింది. "లేపద్దప్పా. ఈయన ఇట్ల ఒళ్లు తెలీకుండా పడుకోని ఎన్నేండ్లయ్యిందో! ఏం మందప్పా అది? నీ తావ ఎన్ని డబ్బాలుంటే అన్నీ పెట్టిపో." ఆమె కళ్లలో నీళ్లున్నాయి. నా ఉద్యోగం నా నాలుక చివర ఉంది. ఊరికే తలూపితే చాలు. అప్పుడు చూశాను, ఆయన గ్లాసు పెట్టింది పెట్టినట్టే ఉంది. పైన మందంగా మీగడ కట్టింది.

"ఆయన తాగలేదమ్మా" అన్నాను.

"మరి?"

"నేను తాగినాను."

ఆమె నవ్విన నవ్వుకు షావుకారు ఉలిక్కిపడి లేచాడు. సంగతి తెలిసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "నాకు మందు వద్దప్పా, నువ్వే కావల్ల. శుక్రారం శుక్రారం వచ్చి ఈడ పడుకో. జీతం ఇస్తా. నువ్వుంటే అంగడంతా నోరు మూసుకోనుంటాది."

"మా వంశంలో నిద్రపోవడానికి జీతం తీసుకున్నవాళ్లు లేరండీ. ఒకప్పుడు కనుచూపు మేర పొలాలున్నవాళ్లం" అన్నాను.

"జీతం లేకుండా నిద్రపోయి గదప్పా పొలాలు పోగొట్టుకున్నది!"

డబ్బాలు సంచిలో వేసుకుని లేచాను. ఆయన భార్య "ఏం మాటలవి?" అని కసిరింది. షావుకారు మొహం మారిపోయింది. నా సంచి పట్టుకుని ఆపాడు. "కోపం వద్దప్పా. నేనేమన్నా తక్కువా? మా నాయన నిద్రపోతాంటేనే మా మగ్గాలన్నీ పోయినాయి. ఆ బయానికే నేను కన్ను మూసేది లేదు. ఈ పొద్దు నువ్వు నా ముందర అంత గాఢంగా పడుకోనుంటే, అంగడి యాడికీ పోలేదు గదా అనిపించింది. అంతే."

మళ్లీ కూర్చున్నాను. జీతానికి రానని, అతిథిగా వస్తానని చెప్పాను. నాతోపాటు ఆయనా గ్లాసెడు తాగాలి, డాక్టరు ఇచ్చిన మాత్ర మానకూడదు. "సరే స్వామీ" అన్నాడు. అలా చాలా శుక్రవారాలు ధర్మవరం వెళ్లాను. పాలు తాగి, ఫోన్లు ఆపేసి, ఇద్దరం కాసేపు మాట్లాడుకునేవాళ్లం, వాళ్ల నాయన గురించీ మా నాయన గురించీ. తర్వాత ఎవరి తీరున వాళ్లం కునుకు తీసేవాళ్లం. కొన్నాళ్లకు ఆయన బీపీ కాస్త దిగింది. తుప్పు సార్ అది ఆంటీఆక్సిడెంటు మహిమ అన్నాడు. డాక్టరు నా మాత్ర అన్నాడు. ఆయన భార్య మధ్యాహ్నపు నిద్ర అంది. నన్నడిగితే ఇప్పటికీ తెలియదు. మూడూ కలిసి చేశాయేమో. ఇంకేదైనా కూడా తోడైందేమో. షావుకారు పేరు చెప్పి పక్క అంగళ్లూ కొన్నాయి, నేను పర్మనెంటయ్యాను. మా మామ పట్టుగూళ్ల మార్కెట్టంతా తిరిగి "మా అల్లుడు నిద్రపోయి ఉద్యోగం సంపాదించినాడు" అని చెప్పుకుని మురిసిపోయాడు.

ఇప్పుడు ఆ ఆఫీసులో మేనేజరు కుర్చీ నాదే. నాకూ బీపీ వచ్చింది (వంశంలో మొదటగా ఒప్పుకున్నవాణ్ణి నేనే), పొద్దున మాత్ర, రాత్రి పాలలో పొడి. అయినా ఒక్కో రోజు నిద్ర రాదు. అలాంటప్పుడు కళ్ల ముందు ఆ కుర్రవాడు కనిపిస్తాడు. పెళ్లి చీరల మధ్య, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, వంశం పరువంతా తన వెన్నుపూస మీదే నిలబెట్టానన్న ధీమాతో, నోరు తెరుచుకుని నిద్రపోతూ ఉంటాడు. వాడికి చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. కానీ ఎంతసేపు చూసినా వాణ్ణి లేపబుద్ధి కాదు.