పెనాల్టీని పాస్ చేసినవాడు

మిడ్‌ఫీల్డర్ అంటే ఎవరని అడిగితే చెప్పడం సులువే. వెనకవాళ్ళు లాక్కున్న బంతిని ముందువాళ్ళకు చేర్చి, వాళ్ళు గోల్ కొట్టి గంతులేస్తుంటే, దూరాన నడుం మీద చేతులు పెట్టుకుని ఆయాసపడేవాడు. మన కథలోని మనిషి పద్నాలుగేళ్ళు జీతం తీసుకుని చేసింది ఇదే పని. క్లబ్బులో అందరూ అతన్ని పోస్టుమాన్ అనేవారు. బంతి వచ్చిందంటే చాలు, తలెత్తి చూడటం, ఖాళీగా ఉన్నవాడికి అందించేయడం. అతను అందించిన బంతులతో గోల్స్ కొట్టి పేరు తెచ్చుకున్నవాళ్ళు బోలెడంతమంది. అతను మాత్రం ఒక్కటంటే ఒక్క గోల్ కొట్టిన పాపాన పోలేదు.

ఈ జబ్బు మైదానంలోనే ఆగితే బాగుండేది. ఇంట్లో భోజనానికి కూర్చుంటే, కూరగిన్నె చేతికి రాగానే తను వడ్డించుకోకుండా పక్కవాళ్ళకు ఇచ్చేసేవాడు. అది చుట్టూ తిరిగి ఖాళీ అయ్యాక తన పళ్ళెం వంక చూసి ఆశ్చర్యపోయేవాడు. పక్కింటి పసిబిడ్డను ఎత్తుకోమని ఇస్తే, ఆ బిడ్డ ఏడుపు మొదలుపెట్టేలోగా ఇంకొకరి చేతుల్లో ఉండేది.

"ఏవండీ, ముందు మీరు వడ్డించుకోండి. ఇక్కడ కోచ్ లేడు," అని భార్య చెప్పీ చెప్పీ విసిగిపోయింది. చివరికి గిన్నె అతని చేతికే ఇవ్వకుండా తనే వడ్డించడం మొదలుపెట్టింది.

ఇక తల్లి సంగతి. ఆవిడకు లాండ్రీ షాపు ఉంది. కొడుకు ఆ షాపు చూసుకుంటాడని ఆశపడింది. వాడేమో క్లబ్బువాళ్ళు పిలవగానే సంచీ సర్దుకున్నాడు. ఆ రోజు ఇస్త్రీపెట్టె చేతిలో పట్టుకునే ఆవిడ అంది, "వెళ్ళు. గోల్ కొట్టే రోజు కబురు చెయ్యి, షాపు మూసి వస్తా. అప్పటిదాకా నీ మైదానంలో అడుగు పెట్టను."

కోపంలో అన్న మాటే. కానీ ఆవిడ మాటంటే మాటే, వెనక్కి తీసుకోవడం ఆ ఇంటా వంటా లేదు. వీడు తక్కువ తిన్నాడా? "ఊరికే ఒకసారి వచ్చి చూడమ్మా" అనడానికి వీడికీ నోరు రాలేదు. ఇద్దరిదీ ఒకటే మంకుపట్టు. అలాగని ఆవిడ ఆట చూడదనుకునేరు. షాపులో బీరువా మీద టీవీ పెట్టించి ప్రతి మ్యాచూ చూసేది. కొడుకు పాస్ ఇచ్చినప్పుడల్లా "మళ్ళీ ఇచ్చేశాడు" అంటూ ఇస్త్రీపెట్టె దభీమని దించేది. మ్యాచ్ ఉన్న రోజు మంచి చొక్కాలు ఇవ్వడానికి ఆ వీధిలో ఎవరికీ ధైర్యం చాలేది కాదు.

మ్యాచ్ అయ్యాక ఫోన్ చేసేది. "కాళ్ళ దగ్గరకొచ్చిన బంతిని వాళ్ళకెందుకిస్తావురా? వాళ్ళేమన్నా నీకిస్తున్నారా?"

"ఇస్తారమ్మా."

"ఇచ్చినదాన్ని మళ్ళీ వాళ్ళకే ఇచ్చేస్తున్నావుగా."

ఇక్కడికి రాగానే అతను ఫోన్ భార్యకు అందించేసేవాడు. పతకాలూ కప్పులూ అతనికి అక్కర్లేదు. అమ్మ ఒక్కసారి గ్యాలరీలో కూర్చుని తన ఆట చూడాలి, అంతే. ఆ కోరిక అలాగే ఉండిపోయింది. ఈలోగా మోకాళ్ళు మొరాయించాయి. ఇక చాలన్నాడు డాక్టరు. క్లబ్బు కూడా చాలంది.

ఆ క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. ఆట మానేస్తున్నవాడి ఆఖరి మ్యాచ్‌లో పెనాల్టీ వస్తే, అది అతనే కొట్టాలి. అందుకని పెనాల్టీ ఎలాగోలా వచ్చేలా చూసుకునేవారు. ఈ గుట్టు భార్య అత్తగారి చెవిన వేసింది. "ఈసారి గోల్ ఖాయం అత్తయ్యా. ఎదురుగా కీపర్ ఒక్కడే ఉంటాడు. పాస్ ఇద్దామన్నా పక్కన ఎవరూ ఉండరు."

అత్తగారు షాపు మూసింది. ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని గ్యాలరీలో, మధ్యగీతకు ఎదురుగా కూర్చుంది. అతను ఆవిడను చూశాడు.

జట్టులో ఫార్వర్డ్ ఒకడున్నాడు. ఎప్పుడూ నున్నగా దువ్వుకుని, ఎవరో ఒకరి భుజాలమీద ఊరేగుతుంటాడని వాడిని పెళ్ళికొడుకు అనేవారు. ఆట ముగియబోతుండగా, గోల్ ముందు గాలి తగిలి పడిపోయాడు పెళ్ళికొడుకు. రిఫరీ ఈల వేశాడు. స్టేడియమంతా "పోస్టుమాన్" అని ఊగిపోయింది.

అతను బంతి పెట్టాడు. నాలుగడుగులు వెనక్కి వేశాడు. పరుగెత్తుకొచ్చాడు. కీపర్ కుడివైపు దూకేశాడు. ఎడమవైపు గోలంతా తలుపులు బార్లా తీసిన ఇల్లే. చంటిపిల్లాడైనా తన్నేయగలడు. కానీ మన మహానుభావుడు తలెత్తి చూశాడు. పెళ్ళికొడుకు పెనాల్టీ బాక్స్ అంచున ఖాళీగా కనిపించాడు. అంతే, కాలు తన పని తను చేసుకుపోయింది. బంతి ముద్దుగా, మెత్తగా దొర్లుకుంటూ పెళ్ళికొడుకు వైపు వెళ్ళింది. వాడేమో కౌగిలించుకోవడానికి అప్పటికే రెండు చేతులూ చాచి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. అవతలి జట్టువాడు తీరిగ్గా వచ్చి బంతిని బయటికి తన్నేశాడు.

పెనాల్టీని పాస్ చేసినవాణ్ణి జనం అప్పటిదాకా చూడలేదు. స్టేడియం పగలబడి నవ్వింది. కోచ్ నెత్తి పట్టుకున్నాడు.

ఆట అయిపోయాక, జనమంతా వెళ్ళేదాకా అతను బూట్లు విప్పుతూనే ఉన్నాడు. తల్లికి మొహం ఎలా చూపించాలో తెలియలేదు. ఆవిడ వెళ్ళిపోయి ఉంటుందనే ఆశతో గ్యాలరీలోకి వచ్చాడు. ఆవిడ అక్కడే ఉంది. అతను వెళ్ళి పక్క కుర్చీలో కూలబడ్డాడు.

"కొట్టలేదమ్మా," అన్నాడు.

"చూశాలే." ఆవిడ ఖాళీ మైదానం వైపే చూస్తోంది. "ఆ టీవీవాడు ఎప్పుడూ బంతినే చూపిస్తాడురా. నాకేం తెలుసు? ఇక్కణ్ణించి చూస్తే అందరూ కనిపిస్తున్నారు. బంతి నీ దగ్గరకొచ్చిందో లేదో, మిగతావాళ్ళంతా పరుగు లంకించుకుంటున్నారు. ఇంకెవడి దగ్గరున్నా అంతా నిలబడి చూస్తున్నారు. నీ దగ్గరుంటే మాత్రం వెనక్కి కూడా చూడట్లేదు."

ఆవిడ చీరకొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఇన్నేళ్ళూ బంతి పారేస్తున్నావని తిట్టిపోశాను. సరే, మళ్ళీ ఆట ఎప్పుడు? వస్తా."

"ఇంక లేవమ్మా. ఇదే ఆఖరిది."

"ఎందుకు లేవు? నేనిప్పుడేగా చూడటం మొదలుపెట్టింది," అంది ఆవిడ.

అతనికి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. రెండిట్లో ఏది ముందో తేల్చుకోలేక మోకాలు పట్టుకుని కూర్చున్నాడు.

వచ్చిన ఆదివారం లాండ్రీ వెనకున్న ఖాళీ స్థలంలో లారీ డ్రైవర్లకూ వీధిలోవాళ్ళకూ ఆట పెట్టారు. పొట్టలున్నవాళ్ళు, బూట్లు లేనివాళ్ళు. అతను డ్రైవర్ల జట్టులో దిగాడు. డాక్టరుకు ఎవరూ చెప్పలేదు. తల్లి షాపు మూసి, అందరూ కనిపించేలా మధ్యగీతకు ఎదురుగా స్టూలు వేయించుకుంది. బంతి కొడుకు కాళ్ళ దగ్గరకొచ్చింది. డ్రైవర్లు నిలబడి చూస్తున్నారు. ఆవిడకు ఒళ్ళు మండింది.

"అలా నిలబడతారేంటయ్యా, పరిగెత్తండి," అని అరిచింది. "వాడు ఇస్తాడు."