గరగర పట్టే మనిషి

మా ఆయన పోయి ఏడాది దాటింది. ముందు గది ఇప్పుడు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, అక్కడి గోడ గడియారం చప్పుడు చేస్తుందని ఈ మధ్యే నాకు తెలిసింది.

ఆ గదే ఆయన దుకాణం. స్పీకర్లు బాగుచేసేవారు. పాటలో గరగర ఎక్కడ మొదలైనా ఇట్టే పట్టేస్తారని పేరు. వీధిలో పోయే కారులో పాట విని, ఎడమ పక్కది పోయిందనేవారు. వారం తిరక్కుండా ఆ కారు మా గుమ్మం ముందు ఆగేది. ఆ పేరే మాకున్న ఆస్తి.

బాగుచేసిన స్పీకర్ని పూర్తి సౌండులో మోగించందే గడప దాటనిచ్చేవారు కాదు. దానికి చెంప ఆనించి, కళ్లు మూసుకుని, పావుగంట. వంటింట్లో గిన్నెలు వాటంతటవే జరిగేవి. మొదటి గిన్నె కదిలేలోగా నేను చెవుల్లో దూది పెట్టుకోవాలని ఆయన నియమం. పక్కింటి పిన్నిగారికి కూడా దూది ఈయనే ఇచ్చి, చెవులు పోతే మళ్లీ రావని జాగ్రత్తలు చెప్పి, వచ్చి స్పీకరుకి చెంప ఆనించేవారు. మరి మీకో అంటే, దూది పెట్టుకుంటే గరగర ఎలా వినపడుతుందే అనేవారు. నిజమే కదా అనుకునేదాన్ని. ఆయన ఏం చెప్పినా నిజమే అనుకోవడం నాకు అలవాటు.

పనయ్యాక ఆయన చెవుల్లో కీమని మోత. మొదట్లో గంటలో పోయేది. తర్వాత మర్నాటికి పోయేది. ఆ తర్వాత అదీ ఇంట్లో మనిషైపోయింది. నేను పిలిస్తే పలికేవారు కాదు. పైగా, నీ గొంతు ఈ మధ్య బొత్తిగా పడిపోయింది, డాక్టరుకి చూపించుకో అన్నారు. సరే తోడు రండని తీసుకెళ్లి, చెవుల డాక్టరు ముందు ఆయన్నే కూచోబెట్టాను.

ఆ మోత చెవి పెట్టుకునే మొర అన్నాడు డాక్టరు. పోయింది తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవాలన్నాడు. సౌండు బాగా తగ్గించమన్నాడు, స్పీకరుకి దూరంగా కూచోమన్నాడు, మధ్యమధ్య చెవులకి విశ్రాంతి ఇవ్వమన్నాడు. చెవుల్లో పెట్టుకోవడానికి మెత్తటి స్పాంజి ముక్కలు ఒక జత ఇచ్చాడు. ఈయన అన్నిటికీ బుద్ధిగా తలూపారు. బయటికొచ్చాక, "మంచి డాక్టరే. ఏమంటాడు?" అని నన్నడిగారు.

బస్టాపులో నిలబడి మొత్తం గట్టిగా చెప్పాను. బస్సు కోసం చూస్తున్న పదిమందికీ చెవుల జాగ్రత్త తెలిసింది. ఈయన మాత్రం ఆ స్పాంజి ముక్కలు తీసుకెళ్లి, పలక వదులై కొట్టుకుంటున్న ఒక స్పీకరు పెట్టె మూలల్లో దూర్చారు. మోత ఆపడానికేగా ఇచ్చాడు, ఆపాయి అన్నారు.

ఆపైన, బాగుచేసినవి వెనక్కి రావడం మొదలైంది. ఆయన మోగించి, దీనికేం, రాయిలా ఉందని పంపేసేవారు. తెచ్చినవాళ్లు తప్పు తమ చెవులదే అనుకుని మోసుకుపోయేవారు. పేరంటే అదీ.

డాన్సు మాస్టరు ఒకాయన మాత్రం అలా పోయే రకం కాదు. ఒకే పెట్టె మూడోసారి తెచ్చాడు. మీకు వినపడటం లేదని ఒప్పుకోండి, ఇంకో చోట చూపించుకుంటాను అన్నాడు. ఈయన సౌండు పెట్టి, చెంప ఆనించి, శుభ్రంగా ఉందన్నారు. మాస్టరు నవ్వి పెట్టె ఎత్తబోయాడు. అది అలా వీధిలోకి వెళ్లిందంటే సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. ఇన్నేళ్ల పేరు అక్కడితో సరి.

దుకాణంలో నేను ఏనాడూ నోరు మెదపలేదు. ఆ రోజు వంటింటి గుమ్మంలోంచి అన్నాను. "గరగరలాడుతోందండీ. కిందది, కుడి పక్కన."

మాస్టరుకి వినపడింది. ఆయనకి వినపడలేదు. రెండోసారి అరిచి చెప్పాను.

విప్పి చూశారు. లోపల అదిరే కాగితం అంచు వెంట్రుక మందాన చిరిగి ఉంది. ఆయన తల ఎత్తి నా వంక చూశారు. పరాయివాడి ముందు తలవంపులు తెచ్చానని నేను గుమ్మం వెనక్కి జరిగాను. ఆయన మాస్టరు వైపు తిరిగి, "చూశారా? ఇరవై ఏళ్లు దూది పెట్టించి కాపాడిన చెవులండీ ఇవి" అన్నారు. అదేదో ఆయన ముందుచూపుతో కొని దాచిన పనిముట్టయినట్టు.

మర్నాటి నుంచి చేతులు ఆయనవి, చెవులు నావి. అప్పుడే నాకో సంగతి తెలిసింది. గరగర పట్టడానికి అంత సౌండు అక్కర్లేదు. పావు వంతు పెట్టి నాలుగడుగుల దూరంలో కూచుంటే ఇంకా బాగా తెలుస్తుంది. సౌండు పెంచేకొద్దీ పాటే దాన్ని కప్పేస్తుంది. ఇరవై ఏళ్ల మోతా ఉత్తినే. ఈ మాట ఆయనకి చెప్పాలా వద్దా అని వారం రోజులు లోలోపల గింజుకున్నాను. చెబితే పోయినవి రావు. పైగా అరిచి చెప్పాలి, వీధంతా వింటుంది.

చెప్పలేదు. సౌండు నాబ్ దగ్గర నేనే కూచునేదాన్ని, పావు వంతు దాటనిచ్చేదాన్ని కాదు. ఆయన స్పీకరు కాగితం మీద రెండు వేళ్లు ఆనించి కళ్లు మూసుకునేవారు. కాసేపటికి ఉలిక్కిపడ్డట్టు కళ్లు తెరిచి, "చాల్లే, తగ్గించు. అంత సౌండుకి నీ చెవులు పాడైపోతాయి" అనేవారు.

సరేనండీ అని తగ్గించేదాన్ని.