చిమ్నీ ఇటు, గొట్టం అటు

మా వంటింటి చిమ్నీ పొగను లాగడం మానేసింది. దాంతో పొగే మా ఆవిడను బయటికి లాగడం మొదలుపెట్టింది. తాలింపులో ఎండుమిరపకాయ పడగానే ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వరండాలోకి పరుగెత్తుకొచ్చేది. గోడకు ఆనుకుని, నోరు తెరిచి, గాలి కోసం వెతుక్కునేది. ఆమెకు దమ్ము జబ్బు. మా బీదర్‌లో ఉబ్బసాన్నీ దమ్మే అంటాం, ధైర్యాన్నీ దమ్మే అంటాం. ఆమెకు రెండూ ఉన్నాయి. నాకు రెండూ లేవు.

చిమ్నీ కొన్నదే ఆమె జబ్బు కోసం. పొగ తగలనివ్వొద్దని, ఈసారి ఊపిరి బిగుసుకుంటే ఇంట్లో పీల్చే మందుతో ఆగదని డాక్టరు గట్టిగా చెప్పాడు. కాబట్టి చిమ్నీ బాగుపడాలి, అదీ తొందరగా. ఇందులో వాదించడానికేమీ లేదు. కానీ వాదన లేకుండా మా ఇంట్లో దీపం కూడా వెలగదు.

"ఇగో, సాఫ్ చేసేటోన్ని పిలుస్తరా?" అంది.

"నాకు చేతుల్లేవా?" అన్నాను.

"ఉన్నయి. వాటితోని ఏం జేస్తరో పెండ్లయినకాంచి చూస్తనే ఉన్న."

నాది జిరాక్స్ దుకాణం. ఒక కాగితాన్ని చూసి దాన్నే ఇంకో కాగితం చేయడం నా వృత్తి. సొంతంగా ఏదైనా చేసిన పాపాన పోలేదు. అయినా ఆ ఆదివారం చిమ్నీ నేనే కడుగుతానని పట్టుబట్టాను. పొదుపు కోసం కాదు, పనిమీద ప్రేమతో అంతకంటే కాదు. బయటి మనిషి వస్తే పొగ గొట్టం అవతలి కొస ఎక్కడుందని అడుగుతాడు. అది మా తమ్ముడి పెరట్లో ఉంది.

నాన్న కట్టిన ఇల్లు పంపకాల్లో రెండు ముక్కలైంది. రోడ్డు వైపు ముక్క నాది, వెనక ముక్క తమ్ముడిది. వాడు వీధిలోకి రావాలంటే మా వరండా పక్క సందులోంచే రావాలి. నా వంటింటి వెనక గోడ దాటితే వాడి పెరడు. ఇద్దరికీ కలిపి ఉన్న బోరు మోటారు ఎవరెంతసేపు నడపాలన్న దగ్గర మాట పెరిగి, మాటలు బంద్ అయ్యాయి. తర్వాత బోరులో నీళ్ళు అడుగంటాయి గాని తగాదా అడుగంటలేదు. చిమ్నీ బిగించేవాడు వెనక గోడకు రంధ్రం కొట్టి గొట్టం మూతి వాడి పెరట్లోకి పెట్టాడు. తమ్ముణ్ణి అడగలేదు. అడగాలంటే మాట్లాడాలి కదా.

మా వాళ్ళలో మాటలు బంద్ అంటే మాట్లాడటం ఆగిపోతుందని కాదు. ఎవరితో అన్నదే మారుతుంది. ఎదుటివాడికి చెప్పవలసింది పక్కనున్న దేనికైనా చెప్తాం. తమ్ముడికి మేక ఉంది, నాకు స్కూటరు ఉంది. వాడు సందులో మేకను తోలుకుపోతూ, "కొందరు మోటరు బంద్ చేసుడు మర్చిపోతరే. పుట్టుకతోనే గట్ల" అని దానికి చెప్తాడు. నేను స్కూటరు తుడుస్తూ, "కొందరికి మందిమీద ఏడ్వకపోతె తిన్నది అరగది" అని దానికి చెప్తాను. ఇందులో ఒకటే నియమం. మేకకు చెప్పిన మాటకు జవాబు ఇవ్వకూడదు. ఇస్తే విన్నట్టు. విన్నట్టయితే ఓడినట్టు. ఈ లెక్కన ఇన్నాళ్ళూ మేమిద్దరం గెలుస్తూనే ఉన్నాం. మేకకూ స్కూటరుకూ మాత్రం ఏనాడూ తగాదా రాలేదు.

అందుకని ఆదివారం లుంగీ ఎగగట్టి చిమ్నీ జాలీలు ఊడదీశాను. వాటికి పట్టింది ఉత్త నూనె జిడ్డు కాదు. మాకు రోజూ జొన్నరొట్టెలు. రొట్టె తట్టేటప్పుడు లేచే పిండి పైకి పోయి, జిడ్డుకు అంటుకుని, పొరలు పొరలుగా గోడకు వేసిన పూతలా గట్టిపడింది. జిడ్డుకు వేడినీళ్ళే మందని ఎక్కడో విన్నాను. పెద్ద గంగాళంలో జాలీలు పెట్టి, సబ్బుపొడి చల్లి, సలసల మరిగే నీళ్ళు పోసి, మూతపెట్టి, పనిమంతుడిలా చాయ్ తాగుతూ కూర్చున్నాను.

మూత తీస్తే అంబలి. చిక్కగా, బూడిదరంగులో, బుడగలు తేలుతూ. జిడ్డు సంగతేమో గాని పిండి మాత్రం చక్కగా ఉడికింది. జాలీ సందుల్లోకి బంకలా దిగి కూర్చుంది.

ఆవిడ వచ్చి గంగాళంలోకి తొంగి చూసింది.

"ఉప్పేసిన్రా?"

నేను గరిటెతో అంబలి తిప్పి చూశాను.

"మజ్జిగ కలుపుకొని మీరే తాగుర్రి. నేనయితె వద్దు."

సాయంత్రం దాకా పాత బ్రష్షుతో, జడపిన్నుతో, చివరికి గోళ్ళతో గీకి జాలీలు తిరిగి బిగించాను. బటన్ నొక్కితే ఊరి మీద చక్కర్లు కొట్టే వైమానిక దళం విమానాల కంటే గట్టిగా మోగింది. ఆ మోత విని ఛాతీ పొంగింది. ఆవిడ నమ్మకంగానే పప్పుకు తాలింపు వేసింది. పొగ చిమ్నీ దాకా లేచింది, అక్కడ ఒక్క క్షణం ఆలోచించుకుంది, తిరిగి కిందికి వచ్చింది.

ఆమె వరండాలోకి వచ్చేసరికి పెదవుల రంగు మారింది. పీల్చే మందు నోట్లో పెట్టుకుని ఒకసారి, మళ్ళీ ఒకసారి పీల్చింది. నేను వీపు రాయబోతే చెయ్యి నెట్టేసింది. ఊపిరి కుదురుకున్నాక నా వైపు చూడకుండానే అంది: "నువ్వు కడిగింది చాలు. మనిషిని పిలువు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె నన్ను నువ్వు అనడం అదే మొదలు. మరునాడే మనిషిని పిలిచాను.

వచ్చినవాడు గ్యాస్ పొయ్యిలూ చిమ్నీలూ బాగుచేసేవాడు. ఇంచుమించు నా వయసే. ఏ ఇంట్లోనూ మనసు కుదిరి కూర్చోని వాడిలా విసుగు మొహం. జాలీ చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూశాడు.

"ఎవరు కడిగిన్రు సార్?"

"నేనే."

"గందుకే" అని పక్కన పెట్టేశాడు. మోటారు విప్పాడు, లోపల వేలు పెట్టాడు, చెయ్యి అడ్డం పెట్టి గాలి చూశాడు. "మోటరు మంచిగనే ఉంది. కొత్తది ఎయ్యమంటె ఏస్త గని ఫాయిదా లేదు. గాలి బయటికి పోతలేదు. గొట్టం అవుతలి మూతి చూడాలె. ఎక్కడుంది?"

నేను గోడ చూపించాను.

"గోడవుతల ఎవరిల్లు?"

"వీళ్ళ తమ్మునిది" అంది మా ఆవిడ.

"ఇంకేంది, ఇంటోళ్ళే గద. పనైపోయినట్టే" అన్నాడు. తర్వాత మా ఇద్దరి మొహాలు చూసి, "పనైపోయింది" అని ఇంకో రకంగా అన్నాడు.

అతను సందులోంచి వెనక్కి వెళ్ళాడు. నేను మా హద్దుగోడ ఇవతలే ఆగిపోయాను. సందు చివర, వాడి పెరటికి పక్కగా కట్టిన ఛాతీ ఎత్తు గోడ. అవతల తమ్ముడు మేకకు ఆకు వేస్తున్నాడు. వాడి తల మీద నుంచి చూస్తే గొట్టం మూతి కనిపించింది. అందులో గోనెసంచి కుక్కి, జారకుండా ఇనుప తీగతో బిగించి ఉంది. అంత పొందికగా వాడు ఇంతకు ముందు ఏ పనీ చేయగా నేను చూడలేదు.

"ఈ గోనె ఎవరు కుక్కిన్రు?" అని అడిగాడు చిమ్నీ మనిషి.

"నేనే" అన్నాడు తమ్ముడు.

"మీ అన్న వాళ్ళింట్ల పొగంత మర్లి లోపలికే వస్తాంది."

"నాకు అన్న లేడు. ముందటింట్ల ఎవరో ఉంటరు, వాళ్ళ సంగతి నాకు ఎర్క లేదు."

నేను చిమ్నీ మనిషితో అన్నాను: "మంది ఇల్లు పొగచూరాలని గోనెలు కుక్కేటోళ్ళు కూడ మనుషులేనా అని అడుగు."

"మంది చీరెల మీద జిడ్డు కారబెట్టేటోళ్ళు మనుషులయితె మేం గూడ మనుషులమే అని చెప్పు" అన్నాడు తమ్ముడు అతనితోనే. "మా ఇంటిది దండెం మీద ఒక్క చీరె ఎయ్యలేక పరేషాన్ అయితాంది. అన్నిటికి పసుపు మరకలే. చెప్పిన, ఇనలే."

"ఎప్పుడు చెప్పిండంట?" అన్నాను.

"మేకకు చెప్పిన. నేను చెప్పేటప్పుడు ఆయన ఆడనే స్కూటరు తుడుస్తుండె. జిడ్డు ఆపకపోతె గొట్టంల గోనె పెడత అని సాఫ్ సాఫ్ చెప్పిన."

నిజమే. చెప్పాడు. సంచి, తీగ, అన్నీ పేరుపేరునా చెప్పాడు. నేను ప్రతి మాటా విన్నాను. విన్నట్టు తేలకూడదని స్కూటరు అద్దాన్ని ఇంకోసారి తుడిచాను. ఆ రోజు కూడా గెలిచాననే అనుకున్నాను.

చిమ్నీ మనిషి నన్నూ, తమ్ముణ్ణీ, మేకనూ వరసగా చూశాడు. "నేను చిమ్నీకొచ్చిన, పంచాతికి గాదు. గోనె తియ్యాల్నా, వద్దా?"

"తీస్త" అన్నాడు తమ్ముడు. "గొట్టానికి వంపు తొడిగి జిడ్డు కారకుంట చేసుకోమను. గోనె నేనే తీస్త. కాని ఆయన నోటితోని నన్ను అడగాలె. మేకను గాదు, నిన్ను గాదు. నన్ను."

అంతే. "తమ్మీ, తియ్యి." రెండు మాటలు. ఒక మాట వాడి కోసం, ఒక మాట గోనె కోసం. గొంతులోకి తెచ్చుకున్నాను కూడా. నాలోనూ ఎవరో గోనె కుక్కి తీగ బిగించినట్టుంది. చివరికి నోటినుంచి వచ్చింది ఇది, అదీ చిమ్నీ మనిషితో: "గొట్టం ముందటి గోడకు తిప్పొచ్చా?"

నా వెనక మా ఆవిడ నిలబడి ఉందని అప్పుడు తెలిసింది. ఆమె నన్ను దాటి హద్దుగోడ మీద చేతులు పెట్టి తమ్ముడితోనే సూటిగా మాట్లాడింది.

"నాకు దమ్ము లేస్తదని నీకు ఎర్కనా, లేదా?"

"ఎర్కనే వదినె."

"ఎర్క ఉండే కుక్కినవా?"

వాడు తల దించుకున్నాడు. కానీ మెడ మాత్రం వంచలేదు. "నీ మీద నాకేం కోపం లేదు వదినె. నువ్వొచ్చి మా ఇంట్ల వండుకో, నేను అడ్డం చెప్ప. మా ఇంటిది గూడ చెప్పది. కాని గోనె మాత్రం ఆయన అడిగితెనే తీస్త."

"అంటె మీ ఇద్దరి పంతం నిలవడాలంటె నా ఊపిరి ఆగాలె."

తమ్ముడు మేక తాడు సవరించాడు. పొగ ఉన్నచోట నిప్పు సంగతి తెలియదు గాని, మా ఇద్దరి దగ్గర పొగరుకు మాత్రం కొదవ లేదు. ఆమె నా వైపు తిరిగి నిలబడింది. నేను అడగడానికి సరిపోయేంత సేపు, దానిమీద ఇంకాస్త సేపు. నేను హద్దుగోడ మీది పగులును చూస్తూ ఉండిపోయాను.

"ముందటి గోడ కొట్టు" అంది ఆమె చిమ్నీ మనిషితో.

"అమ్మా, పొగంత వరండాలకు వస్తది మల్ల."

"రానీ. ఆడ కూసునేటాయిన ఒకాయన ఉన్నడు గద."

మధ్యాహ్నం దాకా గోడ కొట్టే చప్పుడు. గొట్టం వంటింటి పైకప్పు కింద నుంచి ముందు గది దాటి, వరండాలో నా తల ఎత్తున బయటికి వచ్చింది. వెనక గోడ రంధ్రం పూడ్చాలి. నేను మా వైపు నుంచి ఇటుక ముక్కలు పెట్టి సిమెంటు మెత్తుతుంటే, అవతల కూడా తాపీ గీస్తున్న చప్పుడు వినిపించింది. గోనె ఊడబీకి తమ్ముడూ తన వైపు నుంచి సిమెంటు మెత్తుతున్నాడు. పంపకాలైనప్పటి నుంచి మేమిద్దరం కలిసి చేసిన పని అదొక్కటే. అందుకే ఆ గోడ అంత గట్టిగా వచ్చింది.

ఆ సాయంత్రం నేను వరండాలో పేపరు పట్టుకుని కూర్చున్నాను. లోపల చిమ్నీ మోగింది. ముందు గది కిటికీలోంచి చూస్తే అవతల వంటింట్లో మా ఆవిడ కనిపిస్తోంది. నూనె కాగింది, ఆవాలు చిటపటమన్నాయి, మిరపకాయలు పడ్డాయి. ఆమె కొంగు ముక్కు దగ్గరికి పోలేదు. పొయ్యి ముందే నిలబడి గరిటె తిప్పుతోంది. ఊపిరి తీసుకుంటోంది, మామూలుగా, అందరిలాగే. ఎన్నాళ్ళయిందో అట్లా చూసి.

తర్వాత ఘాటు నా నెత్తిన దిగింది. కళ్ళల్లో నీళ్ళు. పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని దగ్గాను. సరిగ్గా అప్పుడే తమ్ముడు బజారు నుంచి వచ్చి సందులోకి తిరిగాడు. పొగ వాడినీ పట్టుకుంది. వాడూ దగ్గాడు. భుజం మీది తువ్వాలతో ముక్కు మూసుకుని సందు మొదట్లోనే ఆగిపోయాడు.

"ఇగో, లోపలికి రార్రి" అని కిటికీ దగ్గరికొచ్చి ఆవిడ పిలిచింది. ఇద్దరిలో ఎవర్ని పిలిచిందో చెప్పలేదు.

నేను లేవలేదు. నేను ముందు లేస్తే వాడికి జడిసి లేచానంటాడు. వాడు ముందుకు పోలేదు, వెనక్కీ పోలేదు. ముందు కదిలితే నాకు జడిశాడని నేనంటానని వాడి లెక్క. ఒకరి దగ్గు ఒకరికి వినపడకుండా దగ్గుతూ అట్లాగే ఉన్నాం.

ఆమె కాసేపు చూసింది. తర్వాత పొయ్యి దగ్గరికి పోయి, మళ్ళీ మూకుడు పెట్టి, రెండో తాలింపు వేసింది.