రూప పెట్టిన సారు సంతకం

నకిరేకల్‌లో హైవే పక్కనున్న ఒక ఇరవై పడకల ప్రైవేటు ఆసుపత్రిలో రూప హెడ్ నర్సుగా పనిచేసేది. కూలి చేసి చదివించిన తండ్రి ఏసోబు, బిడ్డ నెల జీతం తీసుకుంటోందని వాడంతా చెప్పుకుని మురిసిపోయేవాడు. ఆ ఉద్యోగంలో సగం పని దొంగ సంతకాలు పెట్టడమేనని ఆయనకు తెలియదు.

డాక్టర్ శివకుమార్ చెడ్డవాడేమీ కాదు, హస్తవాసి ఉన్నవాడు. కాకపోతే నల్గొండలోనూ ఒక ఆసుపత్రి చూసుకునేవాడు, ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ. ప్రతి కేస్ షీట్ మీద రోజూ డాక్టరు సంతకం ఉండాలి. ఆ డాక్టరేమో ఎప్పుడు చూసినా కారులోనే ఉండేవాడు. "జర నువ్వే కానియ్యి రూపా, నేనొచ్చి చూస్త గదా" అన్నాడు ఒకరోజు. రోగిని చూసినవాళ్లే సంతకం పెట్టాలని రూపకు తెలియక కాదు. నర్సింగ్ స్కూల్లో మొదట నేర్పింది అదే. అయినా ఆరు నెలల్లో సారు సంతకం సారు కన్నా బాగా పెట్టడం వచ్చేసింది. తోటి నర్సులు మెచ్చుకుంటే లోపల కాస్త గర్వపడేది కూడా. దాచడమెందుకు?

నాట్ల రోజుల్లో గోపమ్మ అనే కూలి మనిషికి అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది. మూడో రోజు పొద్దున సారు సగం వార్డు చూసి, నల్గొండ నుంచి ఫోన్ వస్తే పరుగున వెళ్లిపోయాడు. మిగిలిన షీట్లు రూప పూర్తి చేసింది. గోపమ్మ షీట్‌లో నిన్నటి మాటే దించింది: 'పరీక్షించాను, పొట్ట మెత్తగా ఉంది.' కింద సారు సంతకం.

మధ్యాహ్నం గోపమ్మ కోడలు రమ వచ్చింది. "సిస్టర్, మా అత్త కడుపు గట్టిగైంది. చెయ్యి ముట్టనిస్తలేదు." రూప వెళ్లి చూస్తే నిజమే, నాడి కూడా పరుగెడుతోంది. నాలుగింటికి సారు వస్తాడు, చూస్తాడులే అనుకుంది.

సారు వచ్చాడు. హడావిడిగా షీట్ తిప్పి చూశాడు. "పొద్దున చూసిన గదా, బాగనే ఉన్నది."

"కడుపు గట్టిగైంది సార్" అంది రమ.

"ఆపరేషన్ అయినంక గట్లనే ఉంటదమ్మా, ఫికర్ చెయ్యకు" అంటూ పక్క మంచం దగ్గరికి నడిచాడు. ఆ సంతకం తనది కాదని ఆయనకే తెలియలేదు.

రూప పక్కనే ఉంది. 'సార్, మీరు చూడలేదు, అది నేను పెట్టిన' అంటే చాలు. కానీ చుట్టూ అంత మంది జనం. సారు గదిలోకి వెళ్లాక చెబుదామనుకుంది. ఆయన గదికి వెళ్లనే లేదు, అటు నుంచి అటే కారెక్కాడు. ఫోన్ చేసి చెప్పొచ్చు. అదీ చేయలేదు. మర్నాటికి పరిస్థితి విషమించి గోపమ్మను హైదరాబాద్ తీసుకెళ్తుంటే చౌటుప్పల్ దాటకముందే ప్రాణం పోయింది.

పది రోజుల తర్వాత రమ ఆసుపత్రి కాగితాల కోసం వచ్చింది. అక్కడే నిలబడి అత్త కేస్ షీటు చదువుకుంది.

"రోజూ సారు చూసినట్టే ఉన్నది సిస్టర్. మావోళ్లు ఊకెనే తిడుతున్నరు ఆయనను. మా అత్తకు గంతే రాసిపెట్టి ఉన్నది. మీరైతే మంచిగ చూసుకున్నరు."

అని చేతులు జోడించింది. రూప కూడా జోడించింది.

ఆ నెలలోనే ఉద్యోగం మానేసింది. ఇప్పుడు భువనగిరిలో మరో ఆసుపత్రిలో చేస్తోంది. డాక్టరు చూడకపోతే సంతకం గడి ఖాళీగానే వదిలేస్తుంది, ఎవరెంత అరిచినా సరే. రమ వాళ్ల ఊరు నకిరేకల్‌లో బస్సు దిగితే అరగంట నడక. వెళ్లి నిజం చెప్పాలని ఏడేళ్లుగా అనుకుంటూనే ఉంది, ఇంకా వెళ్లలేదు.