కెప్టెన్‌ను నిలదీయడానికి కళింగపట్నం వెళ్లాను

ఆస్ట్రేలియాలో మన అమ్మాయిలు రెండో వన్డే ఓడిపోయిన రోజు, విజయనగరంలో మా ఇంట్లో టీవీ ముందు నిలబడి, కెప్టెన్‌ను దించేయాల్సిందేనని తీర్పు చెప్పాను. మొదటి మ్యాచ్ గెలిపించిన లెగ్ స్పిన్నర్‌ను ఒక్క ముక్క కారణం చెప్పకుండా పక్కన కూర్చోబెట్టిన మనిషికి జట్టును నడిపే అర్హత లేదన్నాను. మా ఆయన చిక్కుళ్లు ఒలుచుకుంటూ అంతా విన్నారు. "కుమారీ, నువ్వు తిడుతున్నది ఈ కెప్టెన్నేనా?" అని మాత్రం అడిగారు. మూడో వన్డే ఆదివారం. నేను లెక్కలు చెప్పే బడికి ఆ రోజు ఎలాగూ సెలవు. కళింగపట్నం వెళ్లొస్తానని ఆ సాయంత్రమే చెప్పేశాను.

ఎందుకో చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందట నేను శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతూ కాలేజీ జట్టులో లెగ్ స్పిన్ వేసేదాన్ని. మా కెప్టెన్ పోలమ్మ. చేపలవాళ్ల అమ్మాయి, వికెట్ కీపర్, హాస్టల్లో నా గదిలోనే ఉండేది. అంతర్ కళాశాలల పోటీలో మమ్మల్ని ఫైనల్ దాకా తీసుకెళ్లింది నా బౌలింగేనని అందరూ అనేవారు, నేనూ అనుకునేదాన్ని. ఫైనల్ రోజు పొద్దున్న పోలమ్మ పదకొండు పేర్లు చదివింది. అందులో నా పేరు లేదు. కారణం చెప్పలేదు. మేం ఓడిపోయాం. ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడలేదు. తర్వాతి నెల జిల్లా జట్టులోకి నన్ను తీసుకున్నారు, ఆమెను తీసుకోలేదు. తగిన శాస్తి అనుకున్నాను. ఆమెను కళింగపట్నం ఇచ్చారని తర్వాతెప్పుడో విన్నాను.

పొద్దున్న ఐదుంబావుకు విజయనగరం కాంప్లెక్స్‌లో శ్రీకాకుళం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఇప్పుడు ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ చింపి ఇస్తాడు. మగవాళ్లయితే నూటపాతిక దాకా చేతిలో ఉంచుకోండి. పైడిభీమవరం దగ్గర ఫ్యాక్టరీ షిఫ్టు వాళ్లు ఎక్కి, నిలబడే చోటు కూడా లేకుండా చేశారు. రణస్థలం దాటేసరికి తెల్లారింది. ఏడింటికి శ్రీకాకుళంలో దిగి, కాంప్లెక్స్ ఎదురుగా బండి మీద నలభై రూపాయలకు నాలుగు ఇడ్లీలు, పల్లీ చట్నీ తిన్నాను. ఏడున్నరకు కళింగపట్నం పల్లెవెలుగు దొరికింది. దారి పొడవునా ఆమెను ఏం అడగాలో మనసులో వాక్యాలు కట్టుకుంటూనే ఉన్నాను. ఒక్కటీ నచ్చలేదు.

ఎనిమిదిన్నరకు దిగాను. చేపలవాళ్ల పేటకు ఆటోలో ముప్పై రూపాయలు. డ్రైవర్ పేరు పైడిరాజు. పోలమ్మ ఇంటికన్నాను.

"ఏ పోలమ్మమ్మా? కిటికీలో టీవీ ఎట్టీ పోలమ్మేనా?" అన్నాడు.

ఏమో తెలీదన్నాను. క్రికెట్ ఆడేదని చెప్పాను.

"ఆవిడే. మేచీ ఉన్నాదంటే టీవీ కిటికీలోకి ఎక్కీస్తాది. ఈదిలో ఆడోల్లంతా అక్కడే. నాను కూడా ఓసారి ఆటో ఆపి సూసినాను. ఆ లెగ్గు స్పిన్ను పిల్లని ఎందుకు తీసీసినారో, తవరికేటైనా తెలుసా?"

"అదే అడగడానికి వెళ్తున్నాను," అన్నాను. అతనికి అర్థం కాకపోయినా బుర్ర ఊపాడు.

ఇంటి ముందు ఇసుక మీద వలలు పరిచి, వాటి మీద నెత్తళ్లు ఎండబెట్టారు. కిటికీలో టీవీ తెర బయటికి తిరిగి ఉంది. నలుగురైదుగురు ఆడవాళ్లు చేపలు తిరగేస్తూ, మధ్య మధ్య తలెత్తి చూస్తున్నారు. పోలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. లావైంది. జుట్టు ముందువైపు నెరిసింది. నేను ఇంకా పది గజాల దూరంలో ఉండగానే తల తిప్పింది.

"కుమారివా? నీ నడక మారలేదే. బౌలింగుకొచ్చినట్టే వస్తన్నావు," అంది.

"నీతో మాట్లాడాలి."

"మాటాడుదుం. టాసు అయిపోనాది, టీము సెప్తన్నారు. కూకో."

ఇరవై ఏళ్ల తర్వాత నాకు దక్కిన స్వాగతం అంతే. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి నా వైపు జరిపింది. తెర మీద పేర్లు వచ్చాయి. లెగ్ స్పిన్నర్ ఈసారీ లేదు. నా ఒళ్లు మండిపోయింది.

"చూశావా? ఇలాంటి కెప్టెన్‌ను ఇంకా మోస్తారేమిటి?" అన్నాను.

నాకు మద్దతు అనుకోని చోటి నుంచి వచ్చింది. అరుగు మీద చుట్ట కాలుస్తున్న పోలమ్మ అత్త నూకాలమ్మ అందుకుంది. "నానూ అదే సెప్తన్నాను. రెండు మేచీల్లోనూ ఆ కెప్టెను పిల్ల బేటు తగల్నీడం లేదు. దించీమంటే మా కోడలు ఇనదు."

"పరుగులు తియ్యకపోతే బేటింగులో కిందకి దించు అత్తా. కెప్టెనుగా ఎందుకు దించీడం?" అంది పోలమ్మ. "మొదటి మేచీలో ఆల్లు కొడతా ఉంటే ఫీల్డు ఎలా మార్చినాదో సూసినావు కదా. ఆ బుర్ర ఇంకెవులికి ఉన్నాది?"

ఆమెతో వాదన మొదలయ్యేసరికి నా భాష కూడా నాకు తెలీకుండానే పాత హాస్టల్ భాషలోకి వెళ్లిపోయింది. "గెలిపించిన పిల్లని తీసీడం బుర్రేటి?"

"కారణం ఉంటాది."

"ఉంటే సెప్పాల."

"ఎవులికి? నీకూ నాకూనా?"

చేపలు తిరగేస్తున్న వాళ్లు చేతులు ఆపి మా ఇద్దరినీ చూశారు. ఇది ఆస్ట్రేలియా గొడవ కాదని వాళ్లకి అప్పుడే తెలిసిపోయినట్టుంది. నూకాలమ్మ చుట్ట పక్కన పెట్టి, "మేచీ సూడండి," అంది.

మన వాళ్లే ముందు బ్యాటింగ్. కెప్టెన్ తొందరగానే అవుటైంది. నూకాలమ్మ ఎవరి వైపూ చూడకుండా తృప్తిగా కాళ్లు చాపుకుంది. అయినా కింద వచ్చిన పిల్లలు నిలబడి, పోరాడగలిగిన స్కోరే పెట్టారు. ఇన్నింగ్స్ అయ్యేసరికి పన్నెండున్నర దాటింది. పోలమ్మ లోపలికి పిలిచి అన్నం పెట్టింది. ఎండు నెత్తళ్లు, వంకాయ వేసి కూర. ఉత్తరాంధ్రలో పుట్టి ఈ కూర తినని వాళ్లుండరు కానీ, ఆ పూట ఎండిన చేపతో వండిన కూర రుచి వేరు. మొదటి ముద్ద కలుపుతూ అడిగేశాను.

"ఫైనల్లో నన్నెందుకు తీసీసినావు?"

తను కూర వడ్డించడం ఆపలేదు. "నీ ఏలు," అంది.

ముద్ద వదిలేసి కుడిచెయ్యి చూసుకున్నాను.

ఫైనల్‌కు రెండు రోజుల ముందు హాస్టల్ ఇనుప తలుపు పడి నా కుడిచేతి ఉంగరం వేలు చిట్లింది. లెగ్ స్పిన్నర్‌కు బంతి తిరిగేదే ఆ వేలితో. నేను ఎవరికీ చెప్పలేదు. రాత్రిళ్లు వేడినీళ్లలో పెట్టుకున్నాను. ప్రాక్టీసులో పళ్లు బిగించి వేశాను. ఆ సంగతి మా అమ్మకు కూడా తెలీదు.

"కీపర్ని నాను. నీ బంతి ఎంత తిరుగుతాదో నా గ్లౌజులకి తెల్దా? రెండు రోజులు ఒక్క బంతీ తిరగలేదు. టీ గళాసు ఎడం సేత్తో పట్టుకున్నావు."

"నన్ను అడగొచ్చు కదా."

"అడిగితే బాగున్నాదందువు. నాతో అబద్ధమాడినాక నాను నిన్ను నమ్మలేను."

"పోనీ, తీసీసినాక అయినా సెప్పొచ్చు కదా. అందరి ముందూ నన్ను..."

"అందరిలో ఎవులున్నారో గుర్తు లేదేటి? జిల్లా సెలెక్టర్లు ఇద్దరు గోడ పక్కన కూకున్నారు. ఏలు ఇరిగినాదని తెలిస్తే నీ పేరు రాసీవోలా? నాకు తల తిక్కనుకున్నారు, అనుకోనీ. నువ్వు ఎల్లినావు కదా."

నేను జిల్లాకు రెండేళ్లు ఆడాను. చేతకాని కెప్టెన్ అన్న పేరు ఆమెకు మిగిలింది. ఓటమికి కాలేజీ అంతా ఆమెనే తప్పుపట్టింది. అందరికంటే గట్టిగా నేనే పట్టాను. పళ్లెం ముందు కూర్చుని ఏడవకూడదని చాలా ప్రయత్నించాను. పోలమ్మ చూడనట్టు మజ్జిగ తేవడానికి లేచింది. తిరిగొచ్చేసరికి నేను కళ్లు తుడుచుకుని ఒకటే మాట అన్నాను.

"అయినా ఆ వేలితోనే నేను నాలుగు ఓవర్లు వేసేదాన్ని. నన్ను ఆడించాల్సింది."

"ఇప్పుడైనా తీసీస్తాను," అంది పోలమ్మ, మజ్జిగ పోస్తూ.

మధ్యాహ్నమంతా బయటే కూర్చున్నాం. నేనూ చీర దోపుకుని చేపలు తిరగేశాను. ఆస్ట్రేలియా వాళ్లు మెల్లగా లక్ష్యం వైపు నడిచారు. మన బౌలర్లు కట్టడి చేశారు. మళ్లీ వాళ్లు కొట్టారు. కెప్టెన్ బౌలర్లను మార్చినప్పుడల్లా నేనొకటి, పోలమ్మ ఒకటి, నూకాలమ్మ మా ఇద్దరికీ పడనిదొకటి చెప్పాం. నాలుగున్నరకు, ఆఖరి ఓవర్లో, ఓడిపోయాం.

అప్పుడొచ్చాడు నూకాలమ్మ పెద్దకొడుకు సింహాచలం. భుజం మీద వల ఉంది.

"ఆడోల్ల ఆటకి పొద్దున్నించి సేపలు ఒగ్గీసి కూకున్నారు. ఓడిపోనారు కదా. ఇంక కెప్టెను ఎవులైతే ఏటి?" అన్నాడు.

"సేపలు ఎవులూ ఒగ్గలేదు బావా. మూడుసార్లు తిరగేసినాం, సూసుకో," అంది పోలమ్మ. "మొన్న మగోల్లు ఓడిపోనప్పుడు రెండ్రోజులు నువ్వు సంద్రానికి ఎల్లలేదు. నాను ఏటైనా అన్నానా?"

అతను నా వైపు తిరిగాడు. "ఈవిడ కూడా ఆ కెప్టెన్ని పొద్దున్నించి తిడతన్నాదంట కదా."

"తిడతాను," అన్నాను. "మొదటి బంతి నుంచి చూశాను కాబట్టి తిడతాను. మీరు ఒక్క బంతీ చూడలేదు. ఓడిపోయారనే మాట మీ నోటికి తగదు."

పరాయి ఊళ్లో, ముక్కూ మొహం తెలియని మనిషితో అంత గట్టిగా మాట్లాడటం నాకు అదే మొదలు. సింహాచలం వల దించి, "ఇరవై ఓవర్ల మేచీలు ఎప్పట్నించి?" అని తల్లిని అడిగాడు. "బుధవారం. కుర్చీ నువ్వే తెచ్చుకో," అంది నూకాలమ్మ.

తెర మీద కెప్టెన్‌ను పట్టుకుని లెగ్ స్పిన్నర్ గురించి అడుగుతున్నారు. ఇంగ్లిషు కాబట్టి నన్ను చెప్పమన్నారు. "నిర్ణయం నాదే, ఓటమి బాధ్యతా నాదే, అంతకన్నా చెప్పనంటోంది," అన్నాను. పొద్దున్నయితే ఆ మాట నాకు పొగరుగా వినిపించేది. ఇప్పుడు ఆ అమ్మాయి దేనిని కాస్తోందో, అసలు ఏదైనా కాస్తోందో లేదో నాకు తెలీదన్నది మాత్రం తెలుస్తోంది. పోలమ్మ నా మొహం వైపు చూడలేదు. కిటికీలోంచి టీవీ దించడానికి ఒక పక్క పట్టుకోమంది.

ఆరింటి బస్సులో తిరిగొచ్చాను. క్షమాపణ అడిగించుకోవడానికి వెళ్లి, నేనే చెప్పాల్సి వచ్చింది. బస్సు ఎక్కేముందు చెప్పాను కూడా. "సరేలే" అని ఊరుకుంది. కానీ ఆమెతో ఏకీభవించానని ఎవరూ అనుకోకండి. ఆడే మనిషికి తను ఎందుకు ఆడటం లేదో తెలియాలి. నలుగురి ముందూ కాకపోయినా ఆమెకొక్కదానికైనా చెప్పాలి. ఆ రోజు పోలమ్మ చెప్పలేదు, అది తప్పే. అంతకు ముందు నేను దాచాను, అది ఇంకా పెద్ద తప్పు. ఈ రెండో మాట ఇరవై ఏళ్లుగా ఎవరూ వినలేదు. అందుకే బ్లాగులో రాస్తున్నాను. ఆ ఫైనల్ ఆడినవాళ్లు, చూసినవాళ్లు ఎవరైనా ఇది చదివితే, మన కెప్టెన్ మనల్ని ఓడించలేదని తెలుసుకోండి. మీలో ఎవరైనా ఆమెను ఇంకా ఆ మాటే అంటే, ఇకపై నాతో తేల్చుకోవాలి.

వెళ్లాలనుకునే వాళ్లకు ఒకటే సూచన. కళింగపట్నంలో దిగగానే, సముద్రం వైపు చూడకముందే, సాయంత్రం ఆఖరి బస్సు ఎన్నింటికో వచ్చిన బస్సు కండక్టర్నే అడిగి రాసుకోండి. ఆదివారాలు సమయం మారుతుంది. అది తప్పితే శ్రీకాకుళం దాకా ఆటోవాడు చెప్పిందే ధర.