పొట్లం మీది జడ

డిగ్రీ పరీక్షలో రెండుసార్లు తప్పి, తప్పనిసరై చిత్తూరులో నాయన అంగట్లో కూర్చున్నాను. శీకాయ, కుంకుడుకాయలు, మెంతులు, ఎండబెట్టిన మందారాకు, వట్టివేరు మా సరుకు. అంగడికి ముందు వీధి, వెనక మా ఇల్లు, మధ్యలో ఒక పాత చీర తెర. నాయన ముప్పై ఏళ్లుగా శీకాయ పొడిని పాత వార్తాపత్రికలో పొట్లం కట్టి, దారం చుట్టి, పళ్లతో తెంపి ఇచ్చేవాడు. ఇస్తూ "కండ్లల్లో పడనీయొద్దమ్మా" అనేవాడు. అంతకు మించిన ప్రకటన ఆ అంగడికి లేదు.

ఎనభైల మొదట్లో షాంపూలు చిన్న చిన్న పొట్లాల్లో ఊళ్లోకి దిగాయి. వాటి మీద జుట్టు ఎగరేసి నవ్వే ఆడవాళ్ల బొమ్మలుండేవి. మా పొట్లం మీద పోయిన వారం వేలం ప్రకటనో, ఎవరో పెద్దాయన సంతాప సభో ఉండేది. అది చూసి నాకు దిగులు పుట్టింది. మన పొడికీ ఒక బొమ్మ, చదవగానే మనసు కరిగే ఒక మాట ఉండాలని పట్టుబట్టాను. ఇప్పుడు దీన్ని బ్రాండింగ్ అంటున్నారు. కొనేవాళ్ల మనసుతో ముడి వేసుకోవాలని పాఠాలు చెబుతున్నారు. అప్పట్లో ఆ పాఠాలు లేవు కాబట్టి సరిపోయింది. ఉండి ఉంటే వాటిలోనూ తప్పేవాణ్ణి.

"పొడికి బొమ్మెందుకురా? తలకు రుద్దుకునేది, గోడకు తగిలించుకునేది గాదే" అన్నాడు నాయన.

మనసు కరిగించడంలో దేవుణ్ణి మించినవాళ్లెవరని, మొదటి విడత కాగితపు కవర్ల మీద లక్ష్మీదేవి బొమ్మ వేయించాను. ఆడవాళ్లు కవరు చేతికందగానే కళ్లకు అద్దుకున్నారు. నేను పొంగిపోయాను. పది రోజులకు కవర్లు విప్పకుండానే వెనక్కి రావడం మొదలైంది. అందరికంటే ముందు వచ్చింది మా వీధికంతా పాలు పోసే ఆవిడ. పాలక్క అనేవాళ్లం.

"ఏమబ్బయ్యా, నీళ్లు పోసుకునే తావుకు, ఒంటి మీద కోక గూడా లేకుండా, లచ్చిమమ్మను యెట్ల తీసకపోయేది? కవరు సించాలంటే అమ్మోరిని సించాల. కిందపడితే కాలు తగల్తాది. నీ పొడిని దేవుని గూట్లో పెట్టి రోజూ దండం పెట్టుకుంటా ఉండాను. తల మాత్రం జిడ్డుజిడ్డుగానే ఉండాది."

"హారతి గూడా ఇయ్యమ్మా, అదొక్కటే తక్కువ" అన్నాడు నాయన నా వైపు చూడకుండా.

పాలక్క పోతూ పోతూ తెర వైపు చూసింది. అప్పుడే నా భార్య లోపలి నుంచి మెంతుల డబ్బా తెచ్చిచ్చి వెనుదిరిగింది. ఆమె నా మేనమామ కూతురే. చిన్నప్పటి నుంచీ ఆమె కంటే ముందు ఆమె జడ పెరిగిందని ఇంట్లో అనేవాళ్లు. మోకాళ్లు దాటి, పిక్కల మీద ఊగుతుండేది.

"ఇంట్లో అంత జడ పెట్టుకోని అమ్మోరికెందుకబ్బా తిప్పలు?" అంది పాలక్క.

మా ముడిసరుకు ఇంట్లోనే ముడి వేసుకుని తిరుగుతోందని నాకు అప్పుడు తట్టింది.

నా భార్య ఒక షరతు పెట్టింది, ముఖం కనపడకూడదని. నాయనా అదే షరతు పెట్టాడు. స్టూడియోలో ఆమె గోడ వైపు తిరిగి నిలబడింది. ఫోటో తీసేవాడు అలవాటుకొద్దీ "కొంచెం నవ్వమ్మా" అన్నాడు. ఆమె నిజంగానే నవ్విందట. బొమ్మ అచ్చువేయడానికి వేలూరులో బ్లాకు చేయించుకొచ్చాను. బొమ్మ కింద వేయడానికి ఏడెనిమిది కవితాత్మకమైన వాక్యాలు రాసుకున్నాను. నాయన వాటిని విని, "వీటిలో పొడి యాడుండాది?" అన్నాడు. చివరికి రెండే రెండు మాటలు మిగిలాయి: "ఇది మా ఇంటి జడ. దీనికి వాడేది ఈ పొడి."

ఆ రెండు మాటలు పనిచేసిన తీరు చూసి నేనే బిత్తరపోయాను. ఆడవాళ్లు కవరు కొని ఊరుకోలేదు, జడను చూడడానికి వచ్చారు. "ఈయమ్మదేనా? యాడా, తిరగమను" అనేవాళ్లు. నా భార్య చేతిపని వదిలి వచ్చి తెర ముందు ఒకసారి తిరిగి నిలబడేది. ఒకావిడ సవరం కాదు కదా అని సున్నితంగా లాగి చూసింది. "లాగు లాగు అక్కా, ఊడితే నీదే" అంది నా భార్య. షాంపూ పొట్లం మీది ఆడమనిషి ఏ ఊరిదో ఎవరికీ తెలియదు. మా పొట్లం మీది మనిషి పిలిస్తే బయటికి వస్తుంది. తేడా అంతే.

అలా రెండేళ్లు గడిచాయి. అప్పుడు మా నాలుగేళ్ల పాపకు విషజ్వరం వచ్చింది.

ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాం. ఆ పదకొండు రోజులూ నా భార్య తల దువ్వుకోలేదు. జడ ఉండ చుట్టుకుపోయి తాడులా భుజం మీద పడి ఉండేది. ఏడో రోజు పొద్దున పాప కళ్లు తెరిచి మమ్మల్ని ఎవరో పరాయివాళ్లను చూసినట్టు చూసింది. నా భార్య మంచం పక్కన నేల మీద కూర్చుని, గట్టిగా, నర్సుకు కూడా వినపడేలా అంది:

"సామీ, బిడ్డను నాకియ్యి. నా తల నీకిస్తా."

"ఇస్తాం సామీ, ఇస్తాం" అన్నాను నేనూ. ఆ నిమిషాన నా తలనైతే మెడతో సహా ఇచ్చేవాణ్ణి.

పాప బతికింది. గోడ పట్టుకుని నడిచింది, తర్వాత గోడ వదిలి నడిచింది, తర్వాత గోడ ఎక్కడం మొదలుపెట్టింది. ఒకరోజు నా భార్య "కొండకు ఎప్పుడు పోదాం బావా?" అని అడిగింది. కవర్లు కొత్తగా అచ్చయి వచ్చాయి, కట్టలు కట్టలుగా అటక మీద ఉన్నాయి. వాటన్నిటి మీదా ఆమె జడ. వానలు తగ్గనీ అన్నాను. వానలు తగ్గాక, పాప ఇంకొంచెం పుంజుకోనీ అన్నాను. ఒక నెలలో మూడు సాకులు చెప్పాను. నాలుగోది ఆలోచిస్తుండగా ఎవరో చెప్పారు, ఆడవాళ్లు గుండే చేయించుకోనక్కర్లేదు, మూడు కత్తెర్లు ఇచ్చినా చాలునని. జుట్టు చివర మూడుసార్లు కత్తిరించి స్వామికిస్తే మొక్కు తీరినట్టే. అలా ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆమె చాటలో శీకాయ పోసుకుని పుల్లలు ఏరుతోంది. పక్కన కూర్చుని నేనూ రెండు పుల్లలు ఏరాను. నేను పని చేస్తున్నానంటే ఏదో అడగబోతున్నానని ఆమెకు తెలుసు.

"ఆడోళ్లకు మూడు కత్తెర్లు సాలంటనే" అన్నాను.

"సాలు. మూడు కత్తెర్లు మొక్కుకున్నోళ్లకు."

"అంత జడా ఇచ్చేదాని కంటే... సామికేమన్నా తక్కువా?"

"సామికి తక్కువ లేదు బావా. నీకు తక్కువయితాదని నీ భయం."

నేను ఇంకో పుల్ల కోసం వెతికాను. దొరకలేదు.

"బిడ్డకు జొరం ఒక మూడు డిగ్రీలు దించు సామీ, సాలు, అని అడిగినామా?" అంది ఆమె చాట పక్కన పెట్టి. "అంతా దించమని అడిగినాం. అంతా దించినాడు."

ప్రశ్న సులువుగానే ఉంది, జవాబే రాలేదు. నాకు పరీక్షల్లోనూ ఇంతే.

"నీ పొట్లానికి ఈ జడ గావల్ననుకో, సెప్పు. నేను కొండకు పోను. కానీ ఆ మాట నువ్వే పోయి సామికి సెప్పి రా."

తెర అవతల నాయన అంతా విన్నట్టున్నాడు. "రేపు పొద్దున మొదటి బస్సుకు పొండిరా. అంగడి నేను సూసుకుంటా" అన్నాడు.

పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని తిరుపతికి ఒక బస్సు, అక్కడి నుంచి కొండకు ఒక బస్సు. ఘాట్ రోడ్డు మలుపుల్లో జడ చివర నా మోకాలి మీద పడి అటూ ఇటూ జరుగుతూ ఉంది. తీసి పక్కన పెట్టబుద్ధి కాలేదు.

కల్యాణకట్టలో క్షురకుడు ఒక పెద్దాయన. గిన్నెలో చెయ్యి తడుపుకుంటూ అడిగాడు. "మూడు కత్తెర్లామ్మా, గుండా?"

ఆమె తల తిప్పి నా వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే తప్పించుకునేవాణ్ణి. ఊరికే, బస్సు దిగాల్సిన చోటు ఇదేనా అని అడిగినట్టు చూసింది.

"అంతా తీయండయ్యా" అన్నాను.

ఆయన జడ విప్పి, తడిపి, రెండు ముడులు వేశాడు. "ఇంత జడ సూసి శానా దినాలాయ తల్లీ" అన్నాడు. "సూసుకో అయితే" అంది ఆమె తల వంచి. పక్కనే నేనూ కూర్చున్నాను. స్వామికివ్వడానికి నా తలలో, లోపలా బయటా కూడా, పెద్దగా ఏమీ లేదు. రెండు నిమిషాల్లో అయిపోయింది.

పాప తల్లిని చూసి గుర్తుపట్టలేదు. భయపడి నా భుజంలో ముఖం దాచుకోబోయి, నా గుండు చూసి ఇంకా గట్టిగా ఏడ్చింది. నా భార్య వంగి తల ముందుకు పెట్టి, "తాకి సూడు" అంది. పాప అరచేత్తో మెల్లగా రుద్దింది. ఏడుపు మధ్యలో ఆగింది. "అమ్మా, నున్నగుండావే!" అని నవ్వింది. ముగ్గురం గంధం పూసుకున్నాం. పాపకు అవసరం లేదు కానీ, పూయకపోతే ఊరుకోలేదు.

దిగేటప్పుడు బస్సులో నా భార్యను చూస్తూ కూర్చున్నాను. పెళ్లయి ఆరేళ్లు. ఆమె చెవులు అంత చిన్నవని, మెడ వెనక ఒక పుట్టుమచ్చ ఉందని నాకు ఆ రోజే తెలిసింది. ఇన్నాళ్లూ ఊరంతటికీ ఆమె వీపు చూపించి, నేనూ దాన్నే చూస్తూ బతికానేమో అనిపించింది.

అంత జ్ఞానోదయమైనవాడు మర్నాడు అంగట్లో ఏం చేశాడంటే, అబద్ధం చెప్పాడు. పాలక్క తన కొత్త కోడల్ని వెంటబెట్టుకుని వచ్చింది.

"ఏదబ్బయ్యా మన జడమ్మ? మా కోడలు సూడాలంటా ఉండాది."

"పుట్టింటికి పోయింది అక్కా."

పాలక్క నా గుండును కింద నుంచి పైదాకా చూసింది. "నువ్వు కొండకు, ఆయమ్మ పుట్టింటికి? ఇదేం దోవబ్బా?"

తెర పక్కకు జరిగింది. నా భార్య కొంగు కూడా కప్పుకోకుండా బయటికి వచ్చింది. "పుట్టింటి నుంచి ఇప్పుడే వచ్చినాలే అక్కా" అంది.

కోడలుపిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అటక మీది కవర్లన్నీ నా మీద విరిగి పడినట్టనిపించింది. పాలక్క చెంబు కింద పెట్టి, మెట్టెక్కి, ఆ గంధం తల మీద చెయ్యి వేసింది.

"బిడ్డకేనా?"

"ఊ."

పాలక్క అక్కడే గడప మీద కూలబడింది. "నేనూ మొక్కినా మే, ఈ పిల్ల మొగుడు పసిబిడ్డగా ఉన్నప్పుడు. గుండే మొక్కినా. ఆడికి పోయినాక మా ఇంటాయన మొగం సూసి భయపడి, మూడు కత్తెర్లిచ్చి వచ్చేసినా. ఇన్నేండ్లయినా అది నా మనసులో ఉండాది."

నా భార్య ఆమె పక్కన కూర్చుంది. "కొడుకు బాగుండాడు గదా. కోడలొచ్చె. సామి సాలదనుకోని ఉంటే ఇయ్యన్నీ ఇస్తాడా అక్కా?" అంది.

మూడు కత్తెర్ల గురించి నాకు చెప్పిన మాట వేరు, పాలక్కకు చెప్పిన మాట వేరు. రెండూ నిజమేనని నాకు ఆ గడప దగ్గరే తెలిసింది. వాళ్లిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. పోయేటప్పుడు పాలక్క పొడి కొనడం మరిచిపోయింది. నేనూ గుర్తు చేయలేదు.

అటక మీది కవర్లను దించి, పాత కాగితాల వాడికి వేశాను. అచ్చాఫీసుకు పోయి, వచ్చే విడత నుంచి బ్లాకు తీసేయమన్నాను.

"పైన ఖాళీ పెట్టి, కింద ఇది మా ఇంటి జడ అంటే నవ్వరాప్పా?" అన్నాడు అచ్చాఫీసాయన.

"ఇప్పుడు మా ఇంటి జడ అట్లే ఉండాది" అన్నాను.

నవ్వారు. నవ్వి కొన్నారు, కొందరు కొనలేదు, షాంపూల వైపు పోయినవాళ్లూ ఉన్నారు. కానీ కొందరు నెలకొకసారి జుట్టు ఎంత వచ్చిందో చూడడానికి వచ్చేవాళ్లు. ఒకావిడ వేళ్లతో కొలిచేది. ఒకావిడ మందారనూనె కాచి సీసాతో తెచ్చింది, ఇంకొకావిడ ఉల్లిరసం రుద్దమంది. మా ఇంటి జడ పెరగడానికి మా పొడి ఒక్కటి తప్ప అన్నీ సిఫారసు చేశారు. నాయన ఆ సీసాలన్నిటినీ వరసగా పెట్టి, "ఈ సరుకు అమ్ముకున్నా బతకచ్చు" అనేవాడు.

ఐదేళ్లకు జడ నడుము దాటింది. అచ్చాఫీసాయన బ్లాకు తన దగ్గర భద్రంగా ఉందని రెండుసార్లు గుర్తుచేశాడు. స్టూడియో వాడు కూడా అడిగాడు. నేను ఇంట్లో ఆ మాట ఎత్తలేదు.

ఒక శుక్రవారం ఆమె తలంటుకుని, పెరట్లో సాంబ్రాణి పొగ పెట్టుకుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. నేను అన్నానికి లోపలికి వచ్చాను.

"ఫోటోకు రమ్మని అడుగుతావేమో అని సూస్తా ఉండాను బావా" అంది వంచిన తల ఎత్తకుండా. "ఇంగా అడగలే."

"అడిగితే ఏమందువు?"

"వస్తానందును."

"అందుకే అడగలే."

జుట్టులోంచి పొగ మెల్లగా పైకి లేస్తోంది.

"ఊరికే నిలబడుకోకపోతే, వచ్చి ఆ ఎనకపాయ పట్టుకో. నాకు అందడం లే" అంది.

వెళ్లి పట్టుకున్నాను.